ఇంట్లో గెస్ట్

ఆ పుస్తకం రాసినవాణ్ణి ఎదురుగా కూచోబెట్టి, రాసింది వాడి చేతే గొంతెత్తి చదివించాలనిపించింది ఎర్రసిరాకి. అంతకు మించిన శిక్ష ఆమెకి తోచలేదు.

పుస్తకమంటే మరీ పుస్తకం కాదు. ముప్పై రెండు పేజీల చిన్న ప్రతి. ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కంపెనీ ఒకటి తన ఖాతాదారులకి ఇంటింటికీ పంచడానికి వేయిస్తోంది. పేరు ‘గృహ వినియోగదారుల నిమిత్తము అంతర్జాల మరియు నిస్తంత్రీ భద్రతా పారిభాషిక పదావళి’. పేరు ముగిసేసరికే ఆమెకి ఆయాసం వచ్చింది.

ప్రెస్సులో ఆమె పని ప్రూఫులు దిద్దడం. ఇరవై రెండేళ్ళుగా ఎర్రసిరా కలం తప్ప ఇంకో కలం పట్టుకోలేదు కనక మెషీన్ల దగ్గరివాళ్ళు పెట్టిన ఆ పేరే ఖాయమైపోయింది. వాళ్ళకి ఆమె అంటే హడలు. ఒత్తు ఎగిరిపోయిన అక్షరం కంటపడితే, అక్షరాన్ని కాదు, దాన్ని కంపోజ్ చేసినవాడి పుట్టుకనే తప్పుపట్టినట్టు చూస్తుంది.

సోమవారం పొద్దున ప్రెస్సు ఓనరు ఆ ప్రతి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

“శుక్రవారం మెషీనెక్కాలి. అక్షరాలు చూడండి చాలు. అర్థాలు మన పని కాదు.”

“ఇందులో అర్థాలు ఎవరి పనీ అయినట్టు లేదు,” అంది ఆమె మొదటి పేజీ తిప్పకుండానే.

ఓనరు వినిపించుకోనట్టు వెళ్ళిపోయాడు. ఆమెతో మాటకి మాట అనుకుని నెగ్గినవాళ్ళు ఆ ప్రెస్సులో లేరు.

ఆమె స్కేలు వరస కింద ఆనించి చదవడం మొదలుపెట్టింది. ‘మార్గనిర్దేశకి: బాహ్యజాలమునుండి అరుదెంచు దత్తాంశ పొట్లములను గృహస్థ ఉపకరణములకు వితరణ గావించు పేటిక.’ రౌటర్‌కి వచ్చిన తిప్పలివి. ‘అగ్నికుడ్యము: అవాంఛిత ప్రవేశములను నిరోధించు కుడ్యము.’ కుడ్యమంటే కుడ్యమట. గోడ అంటే ఆస్తి తరిగిపోతుంది కాబోలు వీడికి. ఫైర్‌వాల్ అని జనం నోళ్ళలో నలిగిన మాటని పట్టుకొచ్చి దానికి నిప్పంటించి, కుడ్యం కట్టి, ఎవరికీ పనికిరాకుండా చేశాడు మహానుభావుడు. ఆ క్షణంలోనే ఆ రచయితకి ఆమె మనసులో ‘అగ్నికుడ్యం’ అని నామకరణం జరిగిపోయింది.

పంతొమ్మిదో పేజీలో ‘అతిథిజాలము’ అనే మాట వచ్చింది. ‘గృహజాలమునందలి ముద్రణాయంత్రాది ఉపకరణములు అవిశ్వసనీయులకు గోచరము కాకుండునట్లు ప్రత్యేకించబడిన ద్వితీయ నిస్తంత్రీ జాలము.’ ‘అవిశ్వసనీయులకు’లో శకారం కింద ఒత్తు తప్పుంది. దిద్దింది. వాక్యం ఏం చెబుతోందో పట్టించుకోలేదు. పట్టించుకునేలా వాడు రాస్తేగా.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి తమ్ముడు సోఫాలో కూచుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆరేళ్ళుగా ఆమె ఆ ఇంటి వెనకగదిలో ఉంటోంది. తమ్ముడు రంగుల కంపెనీ గోదాములో స్టాకు అధికారి. ఏ డబ్బా లోపలికి వచ్చింది, ఏ డబ్బా బయటికి వెళ్ళింది, ఎవరి సంతకంతో వెళ్ళింది అన్నది చూడటం అతని ఉద్యోగం. ఆ చూపు గోదాము గేటు దగ్గర విడిచిపెట్టి రావడం అతనికి చేతకాదు. ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తెరిచారో కూడా చెప్పగలడు. అయినా ఆమెకి తమ్ముడంటే ప్రాణం. ప్రపంచంలో తప్పులు దిద్దక్కర్లేని మనిషి ఒకడుంటే అది వాడేనని ఆమె లెక్క.

“ఒరేయ్, ఎనిమిది పేజీలు ప్రింటు తియ్యాలిరా. కాగితం మీదైతే గానీ నాకు తప్పులు కనపడవు.”

“పంపించక్కా. చూస్తాను.”

“నా ఫోన్ నుంచే ఇచ్చేస్తే నీకీ శ్రమ ఉండదు కదా.”

“నీ ఫోన్ పాతది. ప్రింటర్‌కి అంటదు. ఎన్నిసార్లు చెప్పాను?” అంటూ నిట్టూర్చి లేచాడు. ఆ నిట్టూర్పు కూడా ప్రింటుతో పాటు వచ్చే కాగితమే.

హాలు మూల కుట్టుమిషన్ దగ్గర మరదలు తలవంచుకుని చిన్నపిల్లల గౌను ఒకటి విప్పుతోంది. కుట్టినదాన్నే విప్పడం. బ్లేడు కొసతో ఒక్కో పోగూ తెంపి, దారం ముక్కలు మోకాలి మీద కుప్ప పెడుతోంది. ఈ నెలలో అది మూడోసారి. ఇంటి దగ్గర గౌన్లు కుట్టి ఇస్తుంది ఆవిడ. ఫోన్లో దొరికే కటింగు నమూనాలు కాగితాల మీద ప్రింటు తీసి, అతికించి, బట్ట మీద పరిచి కోస్తుంది. కోసిందల్లా చంకల దగ్గర బిగుతే.

“నావి కూడా ఆరు కాగితాలున్నాయండీ,” అంది మరదలు భర్తతో, పోగు మీంచి కళ్ళు ఎత్తకుండా.

“రేపు చూద్దాంలే. నీ ఫోన్ సంగతి తెలుసుగా.”

“సరే.”

ఆ ‘సరే’ వింటే ఎర్రసిరాకి ఒళ్ళు మండుతుంది. కొలత తీసుకోవడం రాదు, ఫోన్ పట్టుకోవడం రాదు, నోరు తెరిస్తే సరే తప్ప ఇంకో అక్షరం రాదు. పైగా కనిపించిన లింకల్లా నొక్కుతుందని, ఈవిడ వల్లే ఇంట్లో ఇన్ని జాగ్రత్తలు తీసుకోవాల్సి వస్తోందని తమ్ముడు ఒకటి రెండు సార్లు వాపోయాడు కూడా. వాడి కర్మ, అనుకుని ఆమె కాగితాలు తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

బుధవారం మధ్యాహ్నం ప్రెస్సుకి ఒక మనిషి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. నడుముకి తోలు బెల్టు, దానికి కటింగు ప్లేయరు, స్క్రూడ్రైవరు, నల్లటేపు చుట్ట. భుజాన నిచ్చెన మోసిమోసి చొక్కా ఒకవైపే వెలిసిపోయింది. గుమ్మం బయటే చెప్పులు విడిచి, బొమ్మలు సరిచూసి రమ్మని కంపెనీ వాళ్ళు పంపించారన్నాడు. వీధుల్లో వైర్లు లాగి ఇళ్ళల్లో రౌటర్లు బిగించే లైన్‌మన్ అట.

“బొమ్మలు ఎలాగూ బావున్నాయి. మాటలే బాలేవు,” అంది ఎర్రసిరా. “ఇది రాసిన పండితుడెవరో మీకు తెలుసా?”

ఆ మనిషి కాస్త ఇబ్బందిగా నిలబడ్డాడు.

“రాసింది నేనేనండి.”

ఎర్రసిరా కలం మూత పెట్టేసింది. మూడు రోజులుగా ఎదురుచూస్తున్న ముద్దాయి నడుముకి బెల్టు కట్టుకుని తనే నడిచొచ్చాడు. ఆమె ఒక కాగితం అతని ముందుకి తోసింది.

“అయితే ఈ మూడో పేరా చదవండి. పైకి.”

అతను కళ్ళజోడు పెట్టుకుని మొదలుపెట్టాడు. “గుప్తీకరణము... ప్రేషకగ్రాహకుల మధ్య... సంచ...” ఆగాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. వేలు వరస కింద పెట్టుకున్నాడు. చివరికి కళ్ళజోడు తీసేశాడు.

“ఇది నేను రాసిందేనా అండీ? నాకే అర్థం కావట్లేదు.”

మెషీన్ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రసిరా నవ్వలేదు. అతను సంచీలోంచి అంచులు నలిగిన నోటుపుస్తకం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. “ఇరవయ్యేళ్ళ నుంచీ ఇళ్ళల్లో అందరూ ఒకే ప్రశ్నలు అడుగుతారండి. చెప్పిందే చెప్పలేక రాసి పెట్టుకున్నాను. మా మేనేజరు చూసి పుస్తకం వేద్దామన్నాడు. తర్వాత ఆఫీసులో ఎవరో భాష బాగుచేశారని చెప్పారు.”

ఆమె నోటుపుస్తకం తెరిచింది. గుండ్రటి అక్షరాలు, అక్కడక్కడా నూనె మరకలు.

‘రౌటర్ అంటే పోస్టుమాస్టరు. వీధి వైరులోంచి వచ్చినవి ఏది ఎవరిదో చూసి ఇంట్లో ఫోన్లకి పంచుతుంది. ఫైర్‌వాల్ గుమ్మం దగ్గర కాపలా. మీరు పిలిచినవాణ్ణి రానిస్తుంది, పిలవనివాణ్ణి ఆపుతుంది. ఎన్‌క్రిప్షన్ అంటే ఉత్తరం కవర్లో పెట్టి అంటించడం. లేకపోతే కార్డు ముక్కే, దారిలో ఎవడైనా చదువుతాడు. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్ పాస్‌వర్డ్ వేరు. మొదటిది ఇంట్లోకి రావడానికి. రెండోది ఇంటి తాళాలే మార్చడానికి. జనం మొదటిది దాచుకుని రెండోది డబ్బా కింద స్టిక్కర్ మీద ఉన్నదే ఉంచేస్తారు.’

ఎర్రసిరా చేతిలో కలం ఉంది గానీ కాగితం మీద ఆనలేదు. దిద్దడానికేం లేదు. రెండు చోట్ల ఇకారం దీర్ఘం అయింది, అంతే. మూడు రోజులు తాను తిట్టినవన్నీ ఎవరికి చేరాయో తెలీక ఆమెకి కాస్త సిగ్గేసింది. సిగ్గేస్తే ఆమె గొంతు ఇంకా కరుకవుతుంది.

“ఈ గెస్ట్ నెట్‌వర్క్ సంగతేంటి? అతిథిజాలమని ఒక గుదిబండ తగిలించారు దీనికి.”

“తిప్పండి. తర్వాతి పేజీలో ఉంది.”

‘గెస్ట్ నెట్‌వర్క్: వచ్చిపోయేవాళ్ళకి హాల్లో వేసే కుర్చీ. నెట్ వస్తుంది గానీ లోపలి గదుల్లోకి దారి ఉండదు. ప్రింటరు కనపడదు, ఇంట్లో ఇంకే వస్తువూ కనపడదు. కావాలంటే స్పీడు కూడా తగ్గించొచ్చు. నమ్మకం లేని చవక బల్బులు, కెమెరాలు కూడా ఇందులోనే పెట్టండి. ఇంటి మనుషుల్ని పెట్టకండి.’

“చివరి వాక్యం ఎందుకు రాశారు?”

“చూశానండి కొన్ని ఇళ్ళల్లో,” అన్నాడు అతను పొడిగా.

ప్రింటరు కనపడదు. ఆ రెండు మాటల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. నెమ్మదిగా సొరుగు లాగి ఫోన్ తీసి అతని చేతికిచ్చింది.

“ఇది పాత ఫోను. ప్రింటర్‌కి అంటదంటారు. నిజమేనా?”

అతను అటూ ఇటూ తిప్పి చూశాడు. “పాతదేం కాదండి. మూడేళ్ళు ఉంటాయేమో. హాయిగా అంటుకుంటుంది.” వేలితో రెండు మూడు చోట్ల తాకాడు. ఆగాడు. “ఇక్కడ ప్రెస్సు వైఫై చూపిస్తోంది. దీని కింద, ముందు వాడినవాటి పేర్లుంటాయి. ఈ రెండోది ఎవరి ఇంటిదండీ?”

‘స్వీట్‌హోమ్’ అని ఉంది. దాని వెనక చిన్న గీత. గీత వెనక ‘గెస్ట్’.

“మా ఇంటిది.”

“మీరెవరింటికైనా వెళ్ళినప్పుడు...”

“మా ఇంటిదే అంటున్నానుగా. నేనుండే ఇల్లు.”

లైన్‌మన్ ఫోన్ ఆమె ముందు పెట్టేసి, బెల్టులో ప్లేయరు సర్దుకోవడం మొదలుపెట్టాడు. అది సర్దే ఉంది.

కామా పక్కకి జరిగితే పట్టుకునే కళ్ళు అవి. ఆ పేరు రోజుకి ఎన్నిసార్లు కంటపడి ఉంటుందో. తమ్ముడు తన చేత్తో పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చాడు కనక అందులో తప్పుంటుందని చూడలేదు. అంతలోనే ఆమెకి తోచింది. వాడు చేసుండడు. వాడికి ఎక్కించి చేయించుంటుంది. ఆ సరే మనిషే. నోరు మెదపనివాళ్ళ దగ్గరే గోతులుంటాయి. ఆరేళ్ళుగా వెనకగదిలో ఉన్న ఆడపడుచుకి నువ్విక్కడ చుట్టానివి అని చెప్పడానికి ధైర్యం చాలక, తోక తగిలించి చెప్పిందన్నమాట.

“ఇది ఎక్కడ మారుస్తారు?” అంది.

“ఇంటి విషయాల్లో నేను దూరకూడదండి.” అతను నసిగాడు. “కనెక్షన్ ఎవరి పేరు మీదుంది?”

“నా పేరే. బిగించిన రోజు తమ్ముడు గోదాములో ఉన్నాడు. సంతకం నేనే పెట్టాను.”

అతని ముఖం కాస్త తేటపడింది. “అయితే చెప్పడం నా డ్యూటీ.” సంచీలోంచి గజం పొడుగు తెల్లటి వైరు తీసి ఇచ్చాడు. “గెస్ట్‌లో ఉన్న ఫోన్ నుంచి రౌటర్ పేజీ తెరుచుకోదు. ల్యాప్‌టాప్ పెట్టి ఈ వైరు ఒక కొస దానికి, ఇంకో కొస రౌటర్ వెనక పసుపురంగు కంతలో గుచ్చండి. డబ్బా కింద స్టిక్కర్ మీద అడ్రసు, పేరు, పాస్‌వర్డ్ ఉంటాయి. వాళ్ళు అది మార్చేసి ఉంటే మాత్రం నాకు ఫోన్ చెయ్యండి.”

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు. “ఆ కుడ్యం మాట తీయించగలరేమో చూడండి.”

గురువారం ఆమె సగంపూట సెలవు పెట్టింది. దిద్దుబాట్లకి వాడే ప్రెస్సు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, దారిపొడుగునా మాటలు పదును పెట్టుకుంటూ వచ్చింది. ఏది ముందు అనాలి, ఏది తర్వాత అనాలి, ఏ మాటకి ఆవిడ ముఖం ఎలా మాడిపోతుంది, అన్నీ వరసగా అమర్చుకుంది. ఒక్క అచ్చుతప్పు లేదు.

మరదలు మిషన్ ముందు లేదు. నేల మీద కూచుని, ప్రింటు కాగితాలు అంచులు కలిపి జిగురుతో అంటిస్తోంది. పక్కన కొలతల టేపు.

“తొందరగా వచ్చారేంటి వదినా? ఒంట్లో బాలేదా?”

“నా ఒంటికేం. ఇంట్లోనే బాలేదు.” ఎర్రసిరా ఫోన్ తీసి ఆవిడ ముఖం ముందు పెట్టింది. “ఇదేంటో చదువు. చివరిదాకా చదువు. నేను మీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చానా? ఉండటం ఇష్టం లేకపోతే ముఖం మీద చెప్పు, పోతాను. దొంగచాటుగా ఈ తోకలేంటి? నా తమ్ముడి చేత...”

మరదలు చదివింది. ముఖం మాడలేదు. అర్థంకానట్టు చూసింది.

“అందరిదీ అలాగే ఉంటుంది కదా వదినా?”

“అందరిదీ అంటే?”

మరదలు జిగురు చేతులు తుడుచుకుని, మిషన్ సొరుగులోంచి తన ఫోన్ తీసి ఇచ్చింది. స్వీట్‌హోమ్, గీత, గెస్ట్.

ఎర్రసిరా రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి, ప్రతికీ ప్రూఫుకీ తేడా చూసినట్టు అక్షరం అక్షరం చూసింది. తేడా లేదు. పక్కనున్న కుర్చీలో కూచుంది.

“నీదెప్పుడు పెట్టాడు?”

“మీది పెట్టినప్పుడే. మీరు...” మరదలు ఆగింది. “మీరేమీ అనుకోకూడదు. మీరు కనిపించిన లింకల్లా నొక్కుతారట. పెద్దావిడకి ఒక్కదానికే మారిస్తే బాధపడుతుంది, అందుకని నీకూ మారుస్తున్నా, అక్కకి చెప్పకు అన్నారు.”

“నాతో నీ గురించి చెప్పాడు.”

“ఏమని?”

“అదే. అక్షరం పొల్లుపోకుండా అదే.”

ఎర్రసిరా రెండు ఫోన్లూ పక్కన పెట్టేసింది. తర్వాత మరదలు అంటిస్తున్న కాగితాన్ని ముందుకి లాగింది. మూలన చిన్న చదరం అచ్చయి ఉంది. దాని మీద టేపు పరిచింది.

“ఇది చూడండి. దీని మీద అయిదు సెంటీమీటర్లు అని రాసుంది. కొలిస్తే నాలుగు పాయింటు ఏడు. మొన్న గౌను బిగుతైందని తిట్టి తిరిగిచ్చాక కొలిచి చూశాను. కాగితంలో పట్టేలా కుదించి ప్రింటు తీస్తున్నారు. కుదించకండి అని చెప్పాను. ప్రింటరు గురించి నువ్వు నాకు చెబుతావా అన్నారు.” ఆవిడ టేపు చుట్టేసింది. “మా అమ్మతో వీడియోలో మాట్లాడితే నోరు తెరిచింది తెరిచినట్టే నిలబడిపోతుంది. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేదన్నారు. ఏడాదయింది, మా అమ్మ మాట పూర్తిగా విని.”

చంకలు బిగుతైన ఆ గౌన్లు చూసి తాను పెదవి విరిచిన సాయంత్రాలు ఎర్రసిరాకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సరే అన్న మాటకి ఒళ్ళు మండిందే తప్ప, అది ఎన్ని మాటలు మింగాక మిగిలిన మాటో ఒక్కనాడూ ఆలోచించలేదు. క్షమించమనడం ఆమెకి రాదు. ఆ మాట ప్రూఫుల్లో దిద్దడమే గానీ నోటితో పలికింది లేదు. లేచి స్టూలు తెచ్చి హాల్లో బీరువా ముందు వేసింది.

“పట్టుకో. ఎక్కుతాను.”

“ఎందుకొదినా?”

“పోస్టుమాస్టరుని దింపాలి.”

రౌటర్ బీరువా పైన, దుమ్ములో, ఎవరి చేతికీ అందకుండా ఉంది. ఆమె దాన్ని బోర్లించి పట్టుకుంటే మరదలు స్టిక్కర్ మీది అడ్రసూ పేరూ పాస్‌వర్డూ గౌను కాగితం వెనక పెన్సిలుతో రాసుకుంది. వైరు గుచ్చారు. ల్యాప్‌టాప్‌లో పేజీ తెరుచుకుని పాస్‌వర్డ్ అడిగింది. ఎర్రసిరా స్టిక్కర్ మీదున్నదే కొట్టింది. తెరుచుకోదనే అనుకుంది. ఫ్రిజ్ తలుపులు లెక్కపెట్టే మనిషి ఆ మాత్రం తాళం మార్చి ఉండడా అని.

తెరుచుకుంది.

“మార్చలేదు,” అంది ఎర్రసిరా. మొదటిసారి తమ్ముడి మీద ఆ గొంతు వాడింది, మెషీన్ల దగ్గరివాళ్ళ మీద వాడే గొంతు. “ఇంట్లో ఆడవాళ్ళ గదులకి గొళ్ళాలు పెట్టాడు గానీ వీధి తలుపు బార్లా వదిలేశాడు వెధవ.”

తెర మీద రెండు జాబితాలున్నాయి. ఇంటి నెట్‌వర్క్‌లో తమ్ముడి ఫోను, తమ్ముడి ల్యాప్‌టాపు, ప్రింటరు, టీవీ, గుమ్మం మీది కెమెరా, సోఫా వెనక రంగులు మారే బల్బు. గెస్ట్‌లో రెండే పేర్లు. అక్క. మిసెస్. పక్కన స్పీడు తగ్గించి పెట్టిన గీత, గీత కింద అంకె.

మరదలు ఆ జాబితా చాలాసేపు చూసింది.

“బల్బు ఇంటిదేనా వదినా?”

“బల్బు ఇంటిదే.”

మరదలికి నవ్వొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అది నవ్వుగానే మొదలై ఇంకేదో అవుతుందేమోనని ఎర్రసిరా భయపడింది గానీ, కాలేదు. ఆవిడ చెయ్యి తీసి కళ్ళు ఒత్తుకుని, కుర్చీ ల్యాప్‌టాప్ దగ్గరికి జరుపుకుంది.

“ఏం నొక్కాలో చదవండి. నేను నొక్కుతాను.”

లైన్‌మన్ నోటుపుస్తకంలోంచి రాసుకొచ్చిన కాగితం ఎర్రసిరా చదివింది. ముందు రౌటర్ తాళం మార్చారు. తర్వాత వైఫై పాస్‌వర్డ్. పుట్టినరోజులు వద్దు, పేర్లు వద్దు, పొడుగ్గా ఉండాలి, పెద్దక్షరాలూ అంకెలూ కలవాలి అని రాసుంది. మరదలు ఆలోచించి ఒకటి చెప్పింది. అది విని ఎర్రసిరా తలెత్తి ఆవిడ వైపు చూసింది. ఇంత తెలివైన మాట ఈ ఇంట్లో మిషన్ పక్కన ఇన్నాళ్ళూ ఊరికే పడుందా అనుకుంది. అక్షరాలన్నీ సరిచూసి తలూపింది. ఇద్దరి ఫోన్లూ, ప్రింటరూ కొత్త పాస్‌వర్డ్‌తో ఇంటి నెట్‌వర్క్‌లోకి చేరాయి. చవక బల్బులు గెస్ట్‌లో పెట్టమని ఉంది కనక బల్బుని అక్కడికి పంపారు.

“ఇప్పుడు వాణ్ణి,” అంది ఎర్రసిరా. “వాణ్ణి కూడా తోసెయ్ గెస్ట్‌లోకి. తోక పెట్టుకుని తిరుగుతాడు కొన్నాళ్ళు.”

మరదలు చెయ్యి తీసేసింది. “వద్దొదినా.”

“ఇంకా జాలా నీకు?”

“జాలి కాదు. గెస్ట్ అయితే మర్యాదలు చెయ్యాలి.”

ఎర్రసిరా పగలబడి నవ్వింది. ప్రెస్సులో ఎవరైనా ఆ నవ్వు విని ఉంటే మెషీన్లు ఆపేసేవారు. నవ్వు ఆగాక ఆమె నేల మీద కూచుని, విప్పాల్సిన గౌను ఒకటి ఒళ్ళోకి తీసుకుంది. బ్లేడు ఎలా పట్టుకోవాలో మరదలు చూపించింది. బట్ట కోయకుండా పోగు మాత్రమే తెంపడం అనుకున్నంత సులువు కాదు. రెండు చోట్ల బట్ట చిల్లు పడింది. ఆ చోటు మడత లోపలికి పోతుందిలెండి అంది మరదలు.

ఆరున్నరకి తమ్ముడొచ్చాడు. చెప్పులు విప్పుతూనే ఫోన్ చూసుకున్నాడు. రెండడుగులు ముందుకి వేసి ఫోన్ పైకెత్తాడు. వెనక్కి వచ్చి మళ్ళీ ఎత్తాడు.

“నెట్ పోయింది. కంపెనీకి ఫోన్ చేశారా ఎవరైనా?”

జవాబుగా గోడవారన ప్రింటరు గరగరమని లేచింది. కాగితం ఒకటి బయటికి వచ్చింది, దాని వెనక ఇంకొకటి. మరదలు లేచి వెళ్ళి మొదటి కాగితం తీసి, మూలనున్న చదరం మీద టేపు పెట్టి చూసుకుంది. అయిదు. బల్ల మీద పరిచింది.

“ప్రింటు ఎవరిచ్చారు?”

“నేనే,” అంది మరదలు.

“నీ ఫోన్‌కి ప్రింటర్ అంటదుగా.”

“అంటుకుంది.”

అతని చూపు బీరువా పైకి వెళ్ళింది. తిరిగి పైన పెట్టిన రౌటర్ మీది దుమ్ములో వేళ్ళ గుర్తులున్నాయి. “ఎవరు ముట్టుకున్నారు దాన్ని?”

ఎర్రసిరా బ్లేడు పక్కన పెట్టింది. నిన్నటి నుంచీ పదునుపెట్టిన మాటలన్నీ ఉన్నాయి, మనిషి మారాడంతే. నోరు తెరవబోయింది.

“నేనే,” అంది మరదలు మళ్ళీ, ఆమె కంటే ముందు.

“అక్కా, నువ్వుండి కూడా ఏంటిది? తెలిసీ తెలియకుండా దాంతో ఆటలా? సెక్యూరిటీ కోసం పెట్టుకున్నాను. ఈవిడ సంగతి నీకు చెప్పానుగా, కనిపించిన లింకల్లా...”

“నా సంగతి ఆవిడకి చెప్పినట్టేగా,” అంది ఎర్రసిరా. గొంతు పెంచలేదు. “స్టిక్కర్ మీద పాస్‌వర్డ్ ఎందుకు మార్చలేదురా?”

“ఏ స్టిక్కరు?”

ఆ రెండు మాటలతో, ప్రపంచంలో తప్పులు దిద్దక్కర్లేని ఆ ఒక్క మనిషీ ఆమె ముందు ఉత్తి చేతులతో, చెమట పట్టిన కాలరుతో, ఏమీ తెలీనివాడిలా నిలబడి ఉన్నాడు. కోపం రాలేదు. ఇన్నేళ్ళూ ఇతణ్ణి చూసుకుని మురిసిపోయిన తన మీద మాత్రం చిన్నచూపు కలిగింది.

అతను ఇద్దరి వైపూ చూశాడు. అక్క వైపు నుంచి ఏమీ రాదని అర్థమయ్యాక భార్య వైపు తిరిగాడు.

“సరే, పాస్‌వర్డ్ ఏంటో చెప్పు. గోదాము మెసేజులు వస్తాయి నాకు.”

“చెప్తాను. కూర్చోండి. ఈ ముక్క అయ్యాక.”

మరదలు కత్తెర తీసింది. నమూనా కాగితాన్ని గుండుసూదులతో బట్టకి గుచ్చి, మెడ వంపు దగ్గర మొదలుపెట్టి, చంక మలుపు దాకా ఎక్కడా ఆగకుండా కోసుకుంటూ వెళ్ళింది. అతను సోఫా అంచున ఫోన్ మోకాలి మీద పెట్టుకుని కూచున్నాడు. మధ్యలో ఒకసారి లేవబోయాడు. ఎవరూ చూడలేదు. మళ్ళీ కూచున్నాడు.

కోసిన ముక్కని మడత పెట్టి పక్కన ఉంచి మరదలు చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం, చిన్నదో పెద్దదో చెబుతూ, అంకె దగ్గర ఆగి, అతను కొట్టేదాకా ఉండి. అతను పూర్తిగా వినకుండానే తర్వాతి అక్షరం ఊహించి కొట్టేస్తున్నాడు. ఫోన్ తప్పంది.

“మళ్ళీ చెప్పు.”

మళ్ళీ చెప్పింది. మళ్ళీ తప్పంది.

“నువ్వు చెప్పేదాంట్లోనే ఏదో తేడా ఉంది,” అన్నాడు.

అతని భుజం వెనక నుంచి ఎర్రసిరాకి తెర కనిపిస్తూనే ఉంది. అయిదో అక్షరం. పెద్దది ఉండాల్సిన చోట చిన్నది కొట్టాడు, రెండుసార్లూ. ఆమె చూపు దాని మీదే నిలిచింది. చెప్పలేదు. ఒళ్ళో గౌను సర్దుకుని, తర్వాతి పోగు కోసం బ్లేడు కొస దూర్చింది.

“నేను సరిగ్గానే చెప్పాను,” అంది మరదలు. “మొదటి నుంచీ కొట్టండి. ఈసారి వినండి.”